బడి వెనక నేల

నక్కలబండపల్లి,
8 జూలై 1956

అన్న గుర్రప్పకు, చెల్లెలు కదిరమ్మ దండాలు.

అమ్మ మోకాళ్ళు ఎట్లున్నాయి? బేరిగై సంతలో నువ్వుల నూనె కొని మునెప్ప చేతికిచ్చి పంపినాను. ముట్టిందో లేదో రాయి. మునెప్ప ఈ ఊరివాడే. మీ డ్యాం పనికి వచ్చిపోతా ఉంటాడు గదా, టపా కంటే అతని కాళ్ళే జోరు.

బడి సంగతి అడిగినావు. రెండు గదులు, ఒక వసారా. పెద్దయ్యవారి పేరు శేషప్ప. మంచి మనిషే గానీ, వీధిలో ఎవరైనా గట్టిగా దగ్గితే ఈయన కుర్చీలోంచి లేస్తాడు. పై తరగతులు ఆయనవి, కింది రెండు నావి. ఊరి బయట, మనవాళ్ళ పేట పిల్లలు గోడవారగా వేరే కూర్చుంటా ఉండినారు. మొదటి రోజే అందర్నీ లేపి, పొడుగును బట్టి కలిపి కూర్చోబెట్టినాను. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తయారుగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు, నా మాటలన్నీ నాకే మిగిలిపోయినాయి.

మధ్యాహ్నం గంట కొడితే కొందరు పిల్లలు ఇంటికి పోయి తిని వస్తారు. కొందరు ఇంటికి పోయినట్టే పోయి, వంకలో చెలమ నీళ్ళు తాగి వస్తారు. ముందు నాకు తెలియలేదు. వచ్చి కూర్చున్నప్పుడు వాళ్ళ చొక్కా ముందర తడిగా ఉండేది, దాన్ని బట్టి తెలుసుకున్నాను.

బడి వెనక నేల ఉంది. ముళ్ళకంప, పగిలిన కుండలు, చెన్నరాయప్ప ఇంటి విరిగిన బండి చక్రాలు. చెన్నరాయప్ప ఈ ఊరికి పెద్ద రైతు. ఆయన వస్తువు యాడ పడితే ఆ చోటు ఆయనదే అన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఆ నేల బడిదేనని శేషప్పయ్యవారు నాకు చెప్పినాడు, గోడకు కూడా వినపడనంత మెల్లగా. ట్రైనింగులో మాకు తోటపని నేర్పినారు. అప్పుడు పరీక్ష కోసం చేసినాను. ఇప్పుడు కడుపు కోసం చెయ్యాల. పిల్లల చేత కంప ఏరిస్తా ఉండాను. ఆకుకూర, అనప చిక్కుడు, గుమ్మడి వేస్తాము. పండినది బడిలోనే వండుతాము. ఊళ్ళో నాలుగిళ్ళు తిరిగి రాగిపిండి అడుగుతాను.

నేల గట్టిది. నీ దగ్గర అరిగిపోయిన గడపార ఉంటే మునెప్ప చేత పంపు.

అమ్మ కాళ్ళకు నా తరఫున నూనె రాయి.
కదిరమ్మ


కృష్ణగిరి డ్యాం సైటు,
22 జూలై 1956

చెల్లెలు కదిరమ్మకు గుర్రప్ప రాసేది.

నూనె ముట్టింది. అమ్మకు నొప్పి అట్లనే ఉండాది, నూనె వాసనకు మాత్రం సంతోషంగా ఉండాది.

నేను గడపార పంపను.

మునెప్ప అంతా చెప్పినాడు. మన పేట పిల్లోళ్ళ నెత్తిన పేడ గంపలు పెట్టి మోయిస్తా ఉండావంట. చదువుకునే పిల్లోళ్ళ చేత. నాయన చేతులు నీకు గుర్తుండాయా? నువ్వు చిన్నదానివి, నాకు బాగా గుర్తు. ఇంకొకరి చేనులో పార పట్టీ పట్టీ ఆ వేళ్ళు చాచినా చాచుకునేవి కావు. పోయినాక కట్టె మీద పెట్టేటప్పుడు కూడా పిడికిలి విప్పలేకపోయినాను. నిన్ను హాస్టల్లో వదిలిన రోజు బయట నిలబడి నాయన ఏమన్నాడు? "దీని చేతికి మన్ను అంటకూడదు" అన్నాడు. ఆయప్ప జన్మలో కోరింది అదొకటే.

నేను ఈడ బండ పగలగొట్టేది నువ్వు సుద్దముక్క పట్టాలని. నువ్వు ఆ పిల్లోళ్ళ చేతికి మళ్ళీ పార ఇస్తా ఉండావు. వాళ్ళ అమ్మనాయనలు వాళ్ళను బడికి పంపింది ఆ పార నుంచి తప్పించేదానికే. ఇంట్లో ఉండినా ఆ పనే, బడికి పోయినా ఆ పనేనా?

ఈడ గోడ లేస్తా ఉండాది. పోయిన వారం ఇంజనీరు వచ్చి, నేను చెక్కిన వరస మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా పోయినాడు. మేస్త్రీ అది మెచ్చుకోవడమే అంటాడు.

నేను అన్నది ఆలోచించు. కోపంగా రాసినాననుకుంటే అనుకో.
గుర్రప్ప


నక్కలబండపల్లి,
12 ఆగస్టు 1956

అన్నకు కదిరమ్మ రాసేది.

నీ జాబు వసారాలో నిలబడి చదివినాను. దానికి ముందు రోజే తిమ్మమ్మ అనే ఆమె అచ్చం నీ మాటలే అనింది. ఆమె మన పేట ఆమె. కూతురు అంజినమ్మ నా దగ్గర రెండో తరగతి. తోటలోకి వచ్చి, పిల్ల చేతిలో పార లాగి అవతల పారేసి, చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయింది. పోతా పోతా నన్ను చూసి "మనలో పుట్టి నువ్వే ఇట్లా చేస్తే ఎట్లమ్మా" అనింది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంకాలం వాళ్ళ ఇంటికి పోయినాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పినాను. "అమ్మా, నువ్వు పొద్దున్నుంచి మునిమాపు దాకా తవ్వే చేనులో పండింది ఎవరింటికి పోతుంది? నీ బిడ్డ తవ్వే నేలలో పండింది నీ బిడ్డ కడుపులోకి పోతుంది. రెండూ ఒకటే అయితే నువ్వు చెప్పు, రేపే తోట మానేస్తాను" అన్నాను. మరుసటి రోజు అంజినమ్మ వచ్చింది. పార పట్టుకోవచ్చా అని నన్ను అడగలేదు, పట్టుకుంది.

నీకూ అదే అడుగుతా ఉండాను. నాయన వేళ్ళు వంకర పోయింది పార వల్ల కాదు. పార ఎవరిదో, నేల ఎవరిదో, గింజ ఎవరిదో, అందువల్ల. ఆ మాట నాయన అనలేకపోయినాడు. నేను అంటా ఉండాను.

ఇంకొకటి. పేడ గంప మన పిల్లలే మోస్తా ఉండారని మునెప్ప చెప్పినాడు గదా, సగం చెప్పినాడు. చెన్నరాయప్ప మనవడు సోమప్ప కూడా మోస్తా ఉండాడు. రైతుల పిల్లలందరూ వంతు ప్రకారం మోస్తారు. చెలమ నుంచి అందరూ ఒకే చెంబుతో నీళ్ళు తెస్తారు. ఊళ్ళో వాళ్ళకు కడుపు మంట దానికే. సోమప్ప మొదట్లో వానపామును చూస్తే చెట్టెక్కేవాడు. ఇప్పుడు దోసిట్లో పెట్టుకుని ఆడపిల్లల్ని బెదిరిస్తాడు.

చదువు యాడికీ పోలేదు. మడిని జానలతో కొలిచి, మూరలు చేసి, ఎన్ని మొక్కలు పడతాయో పిల్లలే లెక్క చెప్తారు. పలక మీద రాని లెక్క మన్ను మీద వచ్చింది. అనప మొలకెత్తింది. విత్తనాన్ని నెత్తిన మోసుకుని పైకి వచ్చింది, అది చూసేదానికి క్లాసంతా మడి చుట్టూ మూగింది.

గడపార బేరిగై కమ్మరి దగ్గర దొరికింది. నువ్వు శ్రమపడొద్దు.

కదిరమ్మ


డ్యాం సైటు,
2 సెప్టెంబరు 1956

కదిరమ్మకు.

నీ జాబు అమ్మకు రెండు మార్లు చదివినాను. ఆమె నీ పక్కే. "అందరి బిడ్డలూ పట్టినారంట గదా పార, నీకేమిరా" అంటాది. మీ ఆడోళ్ళు ఒకటైపోతే నేను ఏం చెప్పినా తప్పే.

అయినా చెప్తాను. రైతు ఇంటి పిల్లోడు నాలుగు దినాలు సరదాకు గంప మోస్తాడు. వాడికి అది ఆట. మనోళ్ళకు అది అలవాటు అవుతాది. నువ్వు మంచి మాటలు చెప్పి ఆ తల్లిని ఒప్పించినావు. మంచి మాటలు చెప్పేవాళ్ళను నేను కూడా చూసినాను. నాయనను జీతానికి పెట్టుకున్న రైతు ఎంత మంచిగా మాట్లాడేవాడో నీకు తెలీదు.

పంట రానీ. అది యాడికి పోతాదో చూస్తాను. అప్పుడు మాట్లాడతాను.

రాజన్న అనే కుర్రోడి కాలి మీద రాయి పడింది. బొటనవేలు పోయింది. వాడు ఏడవలేదు, మేస్త్రీ ఏడ్చినాడు. నేను బాగుండాను.

గుర్రప్ప


నక్కలబండపల్లి,
14 అక్టోబరు 1956

అన్నకు, అమ్మకు.

ఈడ వానలు బాగా పడినాయి. బేరిగై వంక రెండు రోజులు దాటనియ్యలేదు. తోట బాగుంది. ఆకుకూర కోసి సంగటితో పాటు పెడతా ఉండాము. మధ్యాహ్నం ఎవరి చొక్కా ఇప్పుడు తడిగా ఉండదు.

గుమ్మడి తీగ మేము కట్టిన మడి దాటి గోడెక్కింది. అన్నా, ఒక వింత చెప్తాను. పలక లేని పిల్లలు చాలామంది ఉండారు. గుమ్మడి పిందె పిడికిలంత ఉన్నప్పుడు, దాని మీద ముల్లుతో మెల్లగా పేరు గీయించినాను. పిందె మీద గీత కనపడీ కనపడకుండా ఉండింది. కాయ పెరిగే కొద్దీ పేరు కూడా పెరిగింది. ఇప్పుడు కాయ మీద అక్షరాలు నా వేలంత పొడుగు, గరుకుగా, తడిమినా చదవచ్చు. పేరు రాసుకోవడం రాని పిల్ల ఈ బడిలో ఒక్కతి కూడా లేదు.

ఇంక రాసేదానికి ఏమీ లేదు. ఒళ్ళు జాగ్రత్త.

కదిరమ్మ


డ్యాం సైటు,
21 అక్టోబరు 1956

కదిరమ్మకు.

తోట బాగుంది అని రాసినావు. ఏమీ రాసేదానికి లేదు అని రాసినావు. నీ జాబు చేరే ముందు మునెప్ప చేరినాడు.

శనివారం మధ్యాహ్నం చెన్నరాయప్ప బండి మీ తోట ముందర నిలబడి ఉండిందంట. గుమ్మడికాయలన్నీ బండికెత్తి ఆయప్ప ఇంటి ముందర తిన్నె మీద దింపినారంట. మునెప్ప కళ్ళారా చూసినాడు. నువ్వు వసారాలో నిలబడి ఉండినావంట, నోరెత్తలేదంట.

పంట యాడికి పోతాదో చూస్తానని నేను రాసినాను. పోయింది. ఎవరింటికి పోవాల్నో వాళ్ళింటికే పోయింది. నాయన పంట పోయిన చోటికే. ఆ పిల్లోళ్ళ తల్లులకు నువ్వు ఇప్పుడు ఏం చెప్తావు?

నీ మీద నాకు కోపం లేదు, కదిరమ్మా. నువ్వు ఒంటిదానివి, ఆడ నీకు ఎవరూ లేరు, ఆయప్ప ఇట్లా చెయ్యమంటే చేసి ఉంటావు. నిన్ను ఆడ వదిలిపెట్టినది మా తప్పు. అన్నగా చెయ్యాల్సింది నేను చేసినాను. త్వరలో నీకే తెలుస్తాది.

గుర్రప్ప


నక్కలబండపల్లి,
18 నవంబరు 1956

అన్నకు కదిరమ్మ.

ఇన్నాళ్ళూ రాయలేదని ఏమనుకున్నావో. నీ జాబు చదివి చించేసినాను. చించినాక కూర్చుని ముక్కలు ఏరినాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను, దాచినందుకు ఒక్కటే కారణం. నీకు చెప్తే నువ్వు సుత్తి భుజాన వేసుకుని, నలుగురిని వెంటేసుకుని వస్తావు. అప్పుడు అది బడి తగాదా కాకుండా పేట తగాదా అవుతుంది. అందుకని దాచినాను.

ఆ శనివారం చెన్నరాయప్ప జీతగాళ్ళు బండితో వచ్చినారు. ఆ నేల వాళ్ళ తాత కాలం నుంచి వాళ్ళ బండ్లు నిలిపే చోటంట. అందువల్ల అందులో పండింది వాళ్ళదంట. కంచె పీకి, కాయలన్నీ కోసి ఎక్కించినారు. నేను నోరెత్తలేదని మునెప్ప అన్నాడు. నిజమే. కాయలు కోసేవాళ్ళు మనవాళ్ళే, అన్నా. వాళ్ళ పిల్లలు నా దగ్గర చదువుతా ఉండారు. వాళ్ళు నా మొహం చూడలేక తల దించుకుని కోస్తా ఉండినారు. వాళ్ళ మీద ఏమని నోరెత్తను?

సోమవారం ప్రార్థన అయినాక పిల్లల్ని వరసగా నిలబెట్టి, "ఈ పొద్దు చదువు బయట" అన్నాను. శేషప్పయ్యవారు తలుపు పట్టుకుని "వద్దమ్మా, వద్దమ్మా" అంటా ఉండినాడు. నేరుగా చెన్నరాయప్ప ఇంటికి పోయినాము. కాయలు తిన్నె మీద కుప్పగా ఉండినాయి. వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కర్ని లేచి కాయ మీద పేరు చదవమన్నాను. నేను ఇంకేమీ అనలేదు. కెంచమ్మ అని చదివినారు. గంగప్ప అని చదివినారు. వీధి వీధంతా వచ్చి నిలబడింది. వాళ్ళ పిల్లలు చదువుతుంటే ఆ తల్లులు వినడం అదే మొదటిసారి.

చెన్నరాయప్ప బయటికి వచ్చినాడు. అప్పుడే సోమప్ప లేచినాడు. వేలు పెట్టి, గట్టిగా, "సోమప్ప" అని చదివినాడు. తాత "ఇది ఎవరు గీసినార్రా?" అని అడిగినాడు.

"నేనే తాతా. దీనికి నీళ్ళు పోసింది నేనే. దీని పక్కది అంజినమ్మది."

ఆయన వంగి పక్క కాయ మీది పేరు కూడా చూసినాడు. తర్వాత "తీసుకోపోండి" అన్నాడు, బిచ్చం వేసినట్టు. నేను ఊరుకోలేకపోయినాను. "మీరు ఇచ్చేది కాదయ్యా, మావి మేము తీసుకుపోతా ఉండాము" అన్నాను. అందరికంటే ముందు కదిలింది ఎవరో తెలుసా, తిమ్మమ్మ. జనం మధ్యలోంచి వచ్చి, తన బిడ్డ పేరున్న కాయ నెత్తిన పెట్టుకుని, వీధి మధ్యలో నడుచుకుంటా బడికి పోయింది. ఆ వీధిలో మనవాళ్ళు ఎప్పుడూ ఓరగా నడుస్తారు. ఆమె వెనక మిగతా తల్లులు. కోసిన జీతగాళ్ళు కూడా రెండేసి ఎత్తుకుని వచ్చినారు. ఆ పొద్దు గుమ్మడికాయ పులుసు చేసినాము. కొందరు రైతులు వాళ్ళ పిల్లల్ని ఇంటికి పిలిపించుకున్నారు. సోమప్పను కూడా పిలిచినారు. వాడు పోయి, వెనక గోడ దూకి మళ్ళీ వచ్చినాడు.

అంత గెలిచినాక మొన్న కాగితం వచ్చింది. నన్ను కుందారపల్లి బడికి మార్చినారంట, సంవత్సరం మధ్యలో. ఎవరి పనో చిన్న పిల్లకైనా తెలుస్తుంది. చావడి దగ్గర పదిమందిలో చెన్నరాయప్పను పట్టుకుని అడిగినాను. "ఎదురుగా నిలబడలేక ఆఫీసు వెనక దూరినావు" అన్నాను. నా మీద ఒట్టు, తెలీదు అంటాడు. అబద్ధం ఆడేటప్పుడు అందరూ ఒట్టేస్తారు.

నేను పోను, అన్నా. హోసూరు ఆఫీసుకు పోయి అడుగుతాను, ఎందుకు మార్చినారని. చెప్పేదాకా వాళ్ళ వసారాలో కూర్చుంటాను.

కదిరమ్మ


డ్యాం సైటు,
25 నవంబరు 1956

కదిరమ్మకు.

హోసూరు పోవద్దు. ఆ కాగితం పెట్టించింది చెన్నరాయప్ప కాదు. నేను.

మునెప్ప బండి సంగతి చెప్పిన మరుసటి రోజే, సైటు గుమాస్తా చేత అర్జీ రాయించినాను. తల్లికి ఒంట్లో బాగాలేదు, పెళ్ళి కాని చెల్లెలు దూరాన ఒంటిగా ఉండాది, దగ్గరికి మార్చండి అని. వేలిముద్ర వెయ్యలేదు, సంతకం చేసినాను. కుందారపల్లి అయితే మనకు దగ్గర, నేను వారం వారం వచ్చి చూసుకోవచ్చు అనుకున్నాను. నీ మంచికే చేసినాను. నాకు తెలిసిన దాన్ని బట్టి చేసినాను. నాకు తెలియనియ్యకుండా చేసింది నువ్వు.

నీ జాబు అమ్మకు చదివినాను. ఆ తిమ్మమ్మ నడిచిన సంగతి మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. తర్వాత, అర్జీ పెట్టింది నేనేనని చెప్పినాను. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. సంగటి పెడతాది, నీళ్ళు పెడతాది, మాట లేదు.

రేపు సెలవు అడిగి పోయి, ఆ అర్జీ వెనక్కి ఇమ్మని అడుగుతాను.

గుర్రప్ప


నక్కలబండపల్లి,
9 డిసెంబరు 1956

గుర్రప్పకు.

ఆర్డరు ఒకసారి అయినాక సంవత్సరం ముగిసేదాకా మార్చరంట. శేషప్పయ్యవారు కనుక్కొని చెప్పినాడు. నీకు కూడా అదే చెప్పి ఉంటారు.

నీ జాబు చదివినాక నేను చేసింది చెప్తాను, విను. పిల్లలందర్నీ వెంటపెట్టుకుని మళ్ళీ ఆ తిన్నె దగ్గరికి పోయినాను. ఏ నోటితో చావడిలో నింద వేసినానో ఆ నోటితోనే చెప్పినాను, "ఆ కాగితం మీ పని కాదు, మా అన్న పెట్టించింది. నేను అన్నది తప్పు" అని. తప్పు లెక్కను చెరిపి మళ్ళీ వెయ్యమని పిల్లలకు చెప్పేదాన్ని నేనే గదా. చెన్నరాయప్ప నవ్వినాడు. "మీ అన్నకే నచ్చని తోట నాకు నచ్చకపోతే తప్పేముందమ్మా?" అన్నాడు. ఊరంతా నవ్వింది. పిల్లలు నవ్వలేదు.

"మా అన్నతో నేను చూసుకుంటాను. నేను మాట వెనక్కి తీసుకున్నాను. తోట వెనక్కి తీసుకోలేదు" అని చెప్పి వచ్చినాను.

నన్ను ఒంటిదాన్నని అర్జీలో రాయించినావు. ఈడ నేను ఎప్పుడూ ఒంటిదాన్ని కాను. నువ్వు వచ్చి చూసి ఉంటే తెలిసేది. ఇంత రాళ్ళు చూసిన మనిషివి, ఒక్కసారి వచ్చి ఈ నేల చూడలేదు. మునెప్ప కళ్ళతో చూసినావు.

నేను పోయిన మరుసటి రోజే కంచె పీకుతామని ఆయన మనుషులు బాహాటంగా అంటా ఉండారు. ముళ్ళకంప కంచె, పీకడానికి ఎంతసేపు. చిక్కుడు పూత మీద ఉంది. తల్లులందరికీ మడి మడి పంచి అప్పజెప్పినాను. శేషప్పయ్యవారిని నమ్ముకోలేను.

నెలాఖరుకు కుందారపల్లిలో చేరతాను. మీ గుడిసెకు రాను. బడి పక్కనే గది చూసుకుంటాను. అమ్మను మాత్రం చూసేదానికి వస్తాను, నువ్వు పనిలో ఉన్న వేళకు. నాకు జాబులు రాయొద్దు.

కదిరమ్మ


నక్కలబండపల్లి,
27 జనవరి 1957

కదిరమ్మా,

రాయొద్దన్నావు. రాస్తా ఉండాను. పైన రాసిన ఊరి పేరు చూసి భయపడొద్దు, ఈడ అందరూ బాగుండారు.

పోయిన వారం మా పని నిలిచింది. నలుగురం సుత్తులు, చీలలు తీసుకుని బస్సెక్కి వచ్చినాము. నువ్వు భయపడినట్టు తగాదాకు కాదు. ఈ ఊరి బండ ఉమ్మడి బండ, ఎవరి సొత్తూ కాదు, ఆ సంగతి పేట పెద్దోళ్ళందర్నీ అడిగి తెలుసుకున్నాను. దాన్ని చీల్చి రాతి కూసాలు తీసినాము. నిలువెత్తు పలకలు. బడి వెనక నేల చుట్టూ వరసగా పాతుతా వచ్చినాము. మన్ను ఆడోళ్ళు తవ్వినారు, రాళ్ళు మగోళ్ళు దొర్లించినారు. మునెప్ప కూడా వచ్చి చెయ్యి వేసినాడు. వాడితో నేను ఇంకా సరిగ్గా మాట్లాడలేదు.

రెండో రోజు చెన్నరాయప్ప వచ్చినాడు. ఎవరిని అడిగి పాతుతా ఉండారు అన్నాడు. నేను సుత్తి కింద పెట్టి ముందుకు పోబోయినాను. తిమ్మమ్మ నా భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తోసింది. "నువ్వు ఊరికి వచ్చినోడివి, ఉండు" అనింది. ఆయప్పతో అనింది, "మేము పాతమన్నాము. ఇది మా బిడ్డల బడి. పీకాలంటే ముందు మమ్మల్ని పీకాల, ఆ తర్వాత రాళ్ళు."

ఆయప్ప శేషప్పయ్యవారి వైపు తిరిగినాడు. నేను అనుకున్నాను, ఇంక అయిపోయింది అని. అయ్యవారు వణుకుతా ఉండాడు, నిజంగానే వణుకుతా ఉండాడు. అట్లనే వణుకుతా పోయి, ముళ్ళకంప కింద కప్పబడిపోయిన సర్వే రాయి పక్కన నిలబడి, "ఇది బడి స్థలం. ఇన్నాళ్ళూ నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తా ఉండాను" అన్నాడు. ఆ పాటి మాట చెప్పి, పోయి లోపల కూర్చుండిపోయినాడు. చెన్నరాయప్ప ఇంటికి పోయినాడు. మళ్ళీ వస్తాడేమో, నాకు తెలీదు. వస్తే ఆ కూసాలు మూరెడుకు పైగా లోతున ఉండాయి.

అంజినమ్మ నా వెనకే తిరిగింది. గుంత ఇంత లోతు ఎందుకు అని అడిగింది. రాయి పైన రెండు వంతులు కనపడాలంటే కింద ఒక వంతు ఉండాల అని చెప్పినాను. ఆ పిల్ల కింద కూర్చుని, పుల్లతో మన్ను మీద వేసి, ఏ రాయికి ఎంత గుంతో నాకే వరసగా చెప్పింది. ఇన్నేళ్ళూ చేతి అంచనాతో పాతినాను. ఆ పిల్ల చెప్పిన కొలతకు పాతితే వరస తాడు పట్టినట్టు వచ్చింది. ఆ పిల్ల చేతికి మన్ను అంటి ఉండింది. నాయన చూసి ఉంటే ఏమనేవాడో అని చాలాసేపు అనుకున్నాను. నాకు తెలీలేదు.

మధ్యాహ్నం చిక్కుడుకాయ వేసిన పులుసు, సంగటి. నేను అందరు పిల్లోళ్ళతో పాటు వరసలో కూర్చుని తిన్నాను. నా పక్కన సోమప్ప.

అర్జీ పెట్టింది నేనే. దాన్ని మార్చేది నా చేత కాదు. నా చేత అయ్యేది ఇది, చేసినాను.

గుర్రప్ప


కుందారపల్లి,
10 ఫిబ్రవరి 1957

అన్నకు,

నీ జాబు ముట్టింది. నీ మీద కోపం పోయిందని రాయను, పోలేదు. ఇంకా చాన్నాళ్ళు ఉంటుంది. దాంతోనే నువ్వు సర్దుకోవాల.

శేషప్పయ్యవారి సంగతి చదివి కుర్చీలో కూర్చోలేకపోయినాను. ఆయనకు నేను వేరే జాబు రాసినాను. తిమ్మమ్మ వాళ్ళు హోసూరు పోయి ఆఫీసులో అడిగి వచ్చినారంట, నన్ను మళ్ళీ పంపమని. జూన్‌లో చూస్తామన్నారంట. జూన్ రానీ. ఆ లోపల ఆ తోటకు నేను లేకపోయినా జరుగుతుందని తెలిసిపోతే, నాకు అది కూడా సంతోషమే. కొంచెం బాధ కూడా. రెండూ నిజమే.

ఈ ఊరి బడి నాలుగు గదులది, పెంకులు వేసినది. వెనక నేల లేదు. బండ ఉంది. బడి గోడ నుంచి రోడ్డు దాకా ఒకటే పరుపు బండ, దాని మీద గడ్డి కూడా మొలవదు. ఈడ పెద్దయ్యవారు నన్ను మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పినాడు, "అక్కడ ఏదో గొడవ చేసినావని విన్నాను, ఈడ అట్లాంటివి కుదరవమ్మా, ఈడ మన్నే లేదు" అని. నేను సరే అన్నాను. మధ్యాహ్నం గంట కొట్టినాక పిల్లలు యాడికి పోతా ఉండారో చూస్తా నిలబడినాను. ఈడ చెలమ లేదు. కొందరు రోడ్డు మీద లారీలు ఆగే చోటికి పోయి నిలబడతారు.

మన్ను మోసుకుని వస్తాము అని పిల్లలు ఒప్పుకున్నారు. చెరువు పూడిక ఎంతైనా ఉంది. మన్ను పొయ్యాలంటే బండలో తొట్లు కావాల, నీళ్ళు పోయే దారి కావాల. బండను ఎట్లా చీల్చాలో ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. పెద్దయ్యవారిని అడిగినాను. నవ్వి, "ఎవరు చీలుస్తారమ్మా" అన్నాడు.

"మా అన్న" అన్నాను.

రమ్మని బతిమాలడం లేదు. క్షమించినానని కూడా అనుకోవద్దు. ఆదివారం పొద్దున బస్సుకు రా. అమ్మను కూడా తీసుకురా.

కదిరమ్మ